మైకు పోలేదు

మత్తయికి నోటిమాట తక్కువ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో అతని సౌండ్ సర్వీసు దుకాణం. ఎవరైనా వచ్చి ముందు నిలబడితే తలెత్తి చూసేవాడు, అంతే. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని స్పీకరు బాక్సులు కావాలో వచ్చినవాళ్లే చెప్పుకోవాలి. కుదిరేదైతే తల ఊపేవాడు, కుదరనిదైతే అటు తిరిగి వైర్లు చుట్టుకునేవాడు. ఊరందరికీ మైకులిచ్చే మనిషి ఇంట్లో నోరు తెరవడని అతని భార్య బతికున్నన్నాళ్లూ దెప్పేది. ఆమె పోయాక దెప్పేవాళ్లు కూడా లేకపోయారు.

ఆదివారం మాత్రం దుకాణం తీయడు. ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణం మీద రెండో అంతస్తులో, రేకుల కప్పు కింద వాళ్ల ప్రార్థన మందిరం. అక్కడ మెట్ల పక్క మూలలో, మైకుల శబ్దం పెంచి తగ్గించే మిక్సర్ ముందు కూర్చుంటాడు. ఆ బాక్సులు, ఆ మైకులు అతనివే. కిరాయి తీసుకోడు. పాడటానికి గొంతు లేదు, ప్రార్థన చేయమంటే నాలుగు మాటలు కూడబలుక్కోలేడు. కనీసం పదిమంది మాటను పదిమందికి చేరవేద్దాం, అదే నా సేవ అనుకునేవాడు.

పాస్టరయ్యది ఏలూరు వైపు. మంచి మాటకారి. ఆయనకూ మత్తయికీ మధ్య ఒక గుర్తు ఉంది. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్లు ఎంతకీ ముగించకపోతే అయ్యగారు చెవి తమ్మె ముట్టుకుంటారు. మత్తయి ఆ మైకు మీటను మెల్లగా కిందికి జార్చి, కీబోర్డు మీటను పైకి నెడతాడు. పాట మొదలైపోతుంది. మాట్లాడుతున్నవాళ్లు తమ సమయం అయిపోయిందనుకుని దణ్ణం పెట్టి కూర్చుంటారు. ఇందులో తప్పుందని మత్తయికి ఏనాడూ తోచలేదు. పెళ్లిళ్లలో తాగినవాడు మైకు లాక్కుంటే చేసేదీ ఇదే.

ఆ మందిరానికి వచ్చేవాళ్లలో ఎలీశమ్మ ఒకతె. కొత్తపేటలో ఒక బడిలో ఆయాగా పని చేస్తుంది. మొగుడు లేడు. ఒక్కతే బిడ్డ సాధన, తొమ్మిదో తరగతి. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్, రోజూ మందు గోలీలు మింగాలి. ఎండాకాలం కూడికల్లో అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక కొన్నాళ్లు ఫిట్స్ రాలేదు. ఎలీశమ్మ ముందుకు వచ్చి, ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. నా బిడ్డకు గోలీల పని లేకుండా చేశాడు ప్రభువు అంది. ఆ రోజు మత్తయి ఆమె మైకును బాగా పైకి లేపి, కొంచెం ఎకో కూడా కలిపాడు. రేకుల కింద ఆమె గొంతు గంటలా మోగింది. ఆ వీడియో ఫోన్ల నుంచి ఫోన్లకు ఎక్కడెక్కడికో పోయింది. దాన్ని చూసి కొత్తవాళ్లు రావడం మొదలుపెట్టారు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టిన ఒక ఆదివారం ఎలీశమ్మ బిడ్డను తీసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చుంది. పిల్ల నుదుటికి పట్టీ ఉంది. సాక్ష్యాల సమయంలో ఎలీశమ్మ చెయ్యెత్తింది. మైకు చేతికిచ్చారు.

"అందరికి వందనాలు. ఎండకాలంల ఈడ్నే నిలవడి నేను ఒక సాక్ష్యం చెప్పిన" అంది. ఆగింది. కొంగుతో పెదవులు తుడుచుకుంది.

ఆ పట్టీ చూసినప్పుడే మత్తయికి అర్థమైంది. అయ్యగారి వైపు చూశాడు. ఆయన తల వంచుకుని ఉన్నారు. రెండు చేతులూ మోకాళ్ల మీదే ఉన్నాయి. చెవి ముట్టుకోలేదు. ఏ గుర్తూ చేయలేదు. అయినా మత్తయి వేలు మీట మీదికి పోయింది. మీట కిందికి జారింది.

పైన రేకుల మీద వాన దబదబా కురుస్తోంది. ముందు వరుసకు కూడా ఆమె మాట అందలేదు. కానీ మత్తయి చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. మీట దించినా, బాక్సుల్లోకి పోకముందే మాట అందులోకి వస్తుంది. ఆ హాలు మొత్తంలో ఆమె మాట విన్నది అతనొక్కడే.

"ఇది గూడ సాక్ష్యమే. నా బిడ్డకు మల్ల ఫిట్స్ వచ్చినయ్. నేనే గోలీలు బందు వెట్టిన. పొయ్యి గట్టు తగిలి నొసలు పలిగింది. నా లెక్క ఇంకెవ్వరు గోలీలు ఆపకుండ్రి. దేవుడు నన్ను ఇడిసిపెట్టలే. కని నేను తొందరపడ్డ. మీరందరు జర నా బిడ్డ కోసం ప్రార్థన చెయ్యిండ్రి."

ఆమె మైకు దించింది. ఏమి చెప్పిందో ఎవరికీ తెలియదు. సాక్ష్యం అయిపోయింది కాబట్టి అలవాటు కొద్దీ ఎవరో చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది. హల్లెలూయ అన్నారు. ఎలీశమ్మ అందరి మొహాలూ చూసి, ఏమీ అర్థం కానట్టు నిలబడిపోయింది.

ఆరాధన ముగిశాక ఆమె మిక్సర్ దగ్గరికి వచ్చింది.

"మైకు పోయిందా అన్నా?"

తల ఊపితే సరిపోయేది. ఎన్నడూ లేనిది, మత్తయికి ఆ పూట మాట వచ్చింది.

"పోయింది" అన్నాడు.

ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని వానలోనే మెట్లు దిగిపోయింది.

అయ్యగారు కూడా వచ్చారు. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఆ పట్టీ చూస్తేనే నాకు అర్థమైంది. మైకు పోవడం ఒకందుకు మంచిదే అయిందిలెండి మత్తయి గారూ. కొత్తవాళ్లు వస్తున్నారు కదా, వాళ్ల విశ్వాసం ఇంకా చిన్నది. ఆ అమ్మాయికి నేను విడిగా ప్రార్థన చేస్తాను" అన్నారు. మంచిగానే అన్నారు. ఆయనకు కూడా మైకు పోయిందనే తెలుసు. అంటే ఆ పని చేయమని మత్తయికి చెప్పినవాళ్లు లోకంలో ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడు తగిలింది అతనికి, చన్నీళ్లు మీద పడ్డట్టు.

అక్కడి నుంచి ఎలీశమ్మ గొంతు అతన్ని వదల్లేదు. దుకాణంలో వైర్లు చుడుతుంటే వినపడేది. అన్నం ముందు కూర్చుంటే వినపడేది. సంతోషం చెప్పినప్పుడు ఎకో పెట్టిన చెయ్యీ, దుఃఖం చెప్పినప్పుడు మీట దించిన చెయ్యీ ఒక్కటే. ఆ చేత్తో ముద్ద కలపాలంటే అతనికి రోత పుట్టేది. ప్రార్థన చేసుకుందామని మోకరిస్తే మాట రాలేదు. మాట రాకపోవడం అతనికి కొత్త కాదు. దేవుడి ముందు రాకపోవడం కొత్త.

వారం మధ్యలో సరూర్‌నగర్‌లో ఒక నిశ్చితార్థానికి బాక్సులు కట్టే పని పడింది. మత్తయి దగ్గర ఏళ్లుగా పని చేసే దశరథ వచ్చాడు. నల్లగొండ వైపు మనిషి, మంచి పనివాడు, గలగలా మాట్లాడతాడు. అతనికీ ఫిట్స్ ఉన్నాయి. రోజూ గోలీ వేసుకుంటాడు కాబట్టి చాలా ఏళ్లుగా రాలేదు. పందిరి గుంజల మీద బాక్సులు కట్టేది అతనే. నిచ్చెన ఎక్కే ముందు మత్తయి ప్రతిసారీ ఒకే మాట అడుగుతాడు, గోలీ వేసుకున్నావా అని. దశరథ వేసుకున్నానంటాడు. అప్పుడే మత్తయి నిచ్చెన పట్టుకుంటాడు.

ఆ రోజు మత్తయి మనసు మనసులో లేదు. అడగడం మరిచిపోయాడు. దశరథ సగం ఎక్కాక గుర్తొచ్చింది.

"గోలీ?"

దశరథ పైనుంచే నవ్వాడు. "ఇగ గోలీల పని లేదే అన్నా. ఆదివారం సంది బందు."

మత్తయి నిచ్చెనను గట్టిగా పట్టుకున్నాడు. దశరథ పైన వైరు గుంజుతూనే చెప్పుకుపోయాడు. అతని పెళ్లాం యాదలక్ష్మి ఆ వీడియో చూసిందట. మన అన్న పోయే మందిరమే గదా అని పోయిన ఆదివారం ఒక్కతే వచ్చి వెనక వరుసలో కూర్చుందట. వీడియోలో ఉన్న ఆ తల్లే మళ్లీ లేచి ఏదో చెప్పిందట. మైకు పోయిందట, వాన చప్పుడుకు వినపడలేదు గానీ అందరూ చప్పట్లు కొట్టారట. బాగుపడకపోతే చప్పట్లెందుకు కొడతారని ఇంటికొచ్చి గోలీలు తీసి అవతల పెట్టిందట.

"దిగు" అన్నాడు మత్తయి.

"ఒక్క ముడి ఉందే, ఏసి దిగుత."

"ముందుగాల దిగు."

ఆ గొంతు విని దశరథ దిగాడు. మత్తయి అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఎలీశమ్మ చెప్పిందంతా చెప్పాడు. మళ్లీ ఫిట్స్ వచ్చాయనీ, గోలీలు ఆపొద్దని అందరినీ బతిమాలుకుందనీ చెప్పాడు. మాట మాటకూ ఆగి, తడుముకుని చెప్పాడు. దశరథ నోరు తెరుచుకుని విన్నాడు.

"మరి మైకు పోయిందన్నరంట గద?"

"మైకు పోలే. నేనే తగ్గించిన."

"ఎవలన్న చెప్పిన్రా నీకు, తగ్గించుమని?"

"ఎవ్వలు చెప్పలే."

దశరథ నిచ్చెన వైపు చూశాడు. అతని మొహంలో నవ్వు పోయింది.

"నేను మీదికెళ్లి పడితే గూడ మైకు పోయిందనే అందువా అన్నా?"

 దశరథ లేచి, చెప్పులేసుకుని, గోలీ వేసుకుని వస్తానని ఇంటికి పోయాడు. మళ్లీ వచ్చాడు గానీ, ఆ రోజు అతన్ని నిచ్చెన ఎక్కనివ్వకుండా మత్తయే ఎక్కి కట్టాడు. కింద దశరథ నిచ్చెన పట్టుకున్నాడు.  పందిరి కింద అంత నిశ్శబ్దం మత్తయికే భరించరానిదైంది.

మరునాడు పొద్దు గూకే ముందు కొత్తపేటలో ఎలీశమ్మ గదికి పోయాడు. ఆమె గడప దగ్గర కూర్చుని, నుదుటి కుట్లకు తగలకుండా బిడ్డ తల దువ్వుతోంది. కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మైకు పోలేదని చెప్పాడు, అబద్ధమాడానని చెప్పాడు, దశరథ సంగతి కూడా చెప్పాడు.

ఎలీశమ్మ దువ్వెన ఆపకుండానే అంది. 

"బైబిల్ల తొవ్వ పక్కకు గుడ్డాయన ప్రభువా ప్రభువా అని ఒర్రుతుంటే ఊకో అని గదిరిచ్చినోళ్లు ఎవలన్నా? బయటోళ్లు గాదు. ప్రభువు ఎంట నడిసేటోళ్లే."

మత్తయి తల వంచుకున్నాడు.

"నేను కోపంతోని చెప్పలే. ఆయన బాగుచేస్తడని ఇయ్యాల్టికి గూడ నమ్ముత. కని జరగనిది జరిగిందని చెప్తే అది ఆయనకు మహిమ ఎట్లయితది? ఆయనకు మన అబద్ధం అవసరమా?" అంది. ఆదివారం వచ్చి మళ్లీ చెప్పమని అతను అడిగాడు, మైకు తనే పట్టుకుంటానన్నాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. మొదటిసారి నోరు తెరవడానికి ఎంత వెనకాముందాడిందో ఆమెకే తెలుసునంది. రెండోసారి తన వల్ల కాదంది.

"నువ్వు మూసినవ్. నువ్వే తెరువు" అంది.

అతను వెళ్లబోతుంటే సాధన తలెత్తింది.

"మామా, నేను పడ్డనని అమ్మ చెప్తే అందరు సప్పట్లెందుకు కొట్టిన్రు?"

ఎవరికీ వినపడలేదని చెప్పవచ్చు. అది నిజమే. ఆ నిజం కూడా తన చేతి పనే కాబట్టి అతని నోట రాలేదు. ఆ పిల్ల కుట్ల వైపు ఒకసారి చూసి వచ్చేశాడు.

ఆదివారం వాన లేదు. రేకుల మీద ఎండ కాస్తోంది. మత్తయి అందరికంటే ముందే పోయి మిక్సర్ సర్దాడు. ఆమె మనసు మార్చుకుని వస్తుందేమోనని ఎలీశమ్మ సన్నని గొంతుకు సరిపడేలా మీట బాగా పైకి పెట్టాడు. ఆమె రాలేదు. వెనక వరుసలో యాదలక్ష్మి, దశరథ వచ్చి కూర్చున్నారు.

సాక్ష్యాల సమయం వచ్చింది. అయ్యగారు ఎవరైనా ఉన్నారా అని చూశారు. మత్తయి హెడ్‌ఫోన్లు తీసి కుర్చీలో పెట్టి లేచాడు. అతను ముందుకు నడుస్తుంటే మైకు సరిచేయడానికి వస్తున్నాడనుకుని పాటల పిల్లలు పక్కకు జరిగారు. అతను మైకు తీసుకుని జనం వైపు తిరిగేసరికి హాలంతా గప్‌చిప్ అయిపోయింది.

"వందనాలు" అన్నాడు.

ఎలీశమ్మ కోసం పెట్టిన మీట. అతని బండగొంతు నాలుగు గోడలకూ కొట్టుకుని తిరిగొచ్చింది. తన గొంతుకు తనకే భయం వేసింది.  మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకు మాట్లాడరాదు. పోయిన ఆదివారం ఈ మైకు పోలే. ఎలీశమ్మ మాట మీకు ఇనవడకుంట చేసింది నేను. నాకు ఎవ్వలు చెప్పలే. నేనే చేసిన. చేసి, పోయిందని అబద్ధమాడిన. ఆమె చెప్పిన మాట నేనొక్కన్నే ఇన్న. ఉన్నదున్నట్టు ఇప్పుడు చెప్త. మీరు సప్పట్లు కొట్టకుండ్రి."

 వేదిక మీద కుర్చీలో అయ్యగారు కదిలారు. మత్తయి కంటి కొసకు ఆయన చెయ్యి కనిపించింది. అది మోకాలి మీద నుంచి లేచి, మెల్లగా పోయి చెవి తమ్మె పట్టుకుంది.

ఇన్నేళ్ల అలవాటు. మత్తయి కళ్లు తమంతట తామే మెట్ల పక్క మూలకు పోయాయి. అక్కడ మిక్సర్ మీద పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. కుర్చీలో హెడ్‌ఫోన్లు తప్ప ఎవరూ లేరు.

"నా బిడ్డకు మల్ల ఫిట్స్ వచ్చినయ్" అని మొదలుపెట్టాడు.