తన తాడు

మా పనిలో ఒక చప్పుడు ఉంది. నడుము బెల్టుకున్న కొక్కేన్ని తాడు కొసనున్న కడియానికి తగిలిస్తే ‘టక్’ మంటుంది. అది విన్నాకే అద్దం మీద అడుగు పెట్టాలి. మేస్త్రి నాకు మొదటిరోజు నేర్పిన పాఠం అదొక్కటే. “కళ్లు మోసం చేస్తాయిరా, చెవికి అప్పజెప్పు,” అన్నాడు.

పెద్ద ఆఫీసు భవనం ముఖద్వారం పైన వాలుగా కట్టిన అద్దాల కప్పును తుడవడం మా ఇద్దరి పని. ఎవరి తాడు వారిది. ఒక మంగళవారం ఉదయం నేను సబ్బునీళ్ల మీద జారాను. కప్పు అంచు ఇంకా రెండు మూరలు ఉందనగా ఒక చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. మేస్త్రి తాడు అంత దూరం రాదు. అందుకని ఆయన కొక్కెం విప్పేసి, తాడు వదిలేసి, అద్దం మీద బోర్లా పడి నన్ను అందుకున్నాడు. ఆయన బూటు మునివేళ్లు అద్దాల మధ్యనున్న ఇనుప పట్టీకి తన్నిపెట్టి ఉన్నాయి. ఆ క్షణాన మా ఇద్దరికీ ఉన్న ఆధారం ఆ పట్టీయే.

జరిగినదాన్ని ఇంగ్లీషులో రాసి పైఆఫీసుకు పంపాలి. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. చొక్కా జేబులో చిన్న నిఘంటువు పెట్టుకు తిరుగుతానని అందరూ నన్ను డిక్షనరీ అంటారు. రాసే పని నాకే పడింది. ‘ఐ’ అని రాయకూడదు, ‘వర్కర్’ అని రాయాలని ఫారం పైన నియమం ఉంది. రాశాను:

“ది వర్కర్ స్లిప్డ్ ఆన్ ది గ్లాస్. ది మేస్త్రి లెట్ గో ఆఫ్ హిజ్ రోప్ అండ్ కాట్ హోల్డ్ ఆఫ్ హిజ్ హ్యాండ్.”

‘లెట్ గో’ పక్కన ఒక ‘ఆఫ్’, ‘కాట్ హోల్డ్’ పక్కన ఇంకో ‘ఆఫ్’. వాటిని సరైన చోట పెట్టగలిగినందుకు గర్వపడ్డానని ఒప్పుకుంటాను. ప్రాణం దక్కిన రోజున మనిషికి అంత చిన్న గర్వం ఎలా పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో రోజు మేస్త్రి చేతిలో కాగితంతో వచ్చాడు.

“ఒరేయ్ డిక్షనరీ, నాకేదో బిరుదు పంపినట్టున్నారు. చదివి పెట్టు.”

చదివాను. నా వాక్యమే తిరిగి వచ్చింది. జారుతున్న పనివాడి తాడును మేస్త్రి వదిలేశాడు కనుక విచారణ తేలేవరకు ఆయన పనిలోకి రాకూడదు. తప్పు రుజువైతే ఉద్యోగం ఉండదు.

“నీ తాడు నేనెప్పుడు పట్టుకున్నానురా, వదలడానికి?” అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో కోపం లేదు. “నువ్వు రాసిందొకటి, వాళ్లు చదివిందొకటి. అంతేనా?”

“నేను సరిగ్గానే రాశాను మేస్త్రీ.”

“సరిగ్గా రాస్తేనే ఇలా ఉంటే, తప్పు రాసుంటే ఉరేసేవారే!” అని నవ్వి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మా అక్క సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. నేను వెళ్లేసరికి ఎర్ర పెన్నుతో పుస్తకాలు దిద్దుతోంది.

“ఇది చూడరా. ‘హి లుక్డ్ ఆఫ్టర్ హిజ్ మదర్’ అంటే ‘వాళ్లమ్మను వెనక నుంచి చూశాడు’ట. వీడికి నీ పోలికే వచ్చింది.”

నేను నవ్వలేదు. జరిగిందీ, నా వాక్యమూ, మేస్త్రికి వచ్చిన కాగితం సంగతీ చెప్పాను. అక్క పెన్ను కింద పెట్టింది.

“దీన్నే తెలుగులో చెప్పు.”

“మేస్త్రి తన తాడు వదిలి, అతని చెయ్యి పట్టుకున్నాడు.”

“చూశావా? నీ నోట ‘తన’ అని ఒకటి వచ్చింది, ‘అతని’ అని ఇంకొకటి. ‘తన’ అనగానే పని చేసినవాడి దగ్గరికే తిరిగెళ్తుంది. ఇంగ్లీషులో ఆ రెంటికీ కలిపి ‘హిజ్’ ఒక్కటే. ఎవరి ఇంటికి వెళ్లాలో దానికే తెలీదు.”

“మరి వాళ్లెలా నెట్టుకొస్తున్నారే?”

“అనుమానం వచ్చిన చోట ‘ఓన్’ అని ఒక ముక్క తగిలిస్తారు. ‘హిజ్ ఓన్ రోప్’. అది పెడితే నీ మేస్త్రి గండం గడిచినట్టే.”

నా గుండె తేలికపడింది. ఒక్క మాట! లేవబోయాను.

“ఆగరా. మేస్త్రి వదిలింది తన తాడే. బాగుంది. మరి నీ తాడు ఏమైంది? అది ఉండగా నువ్వు అంచుదాకా ఎలా జారావు?”

జవాబు నాకు తెలుసు. ఆ మంగళవారం నేను కొక్కెం తగిలించాను, చప్పుడు కోసం ఆగలేదు. కడియం అంచుకు ఆనుకుని నిలిచిన కొక్కెం నా బరువు పడగానే జారిపోయింది. ఫారంలో ఆ సంగతి రాయలేదు. అడగలేదు కనుక రాయలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ‘హిజ్’లోని మసక నా అజ్ఞానం వల్ల వచ్చిందే. కానీ ఆ మసక చాటున నా తప్పు హాయిగా కూర్చుంది. తెలిసే దాన్ని అక్కడ కూర్చోబెట్టానా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటే, లేదని గట్టిగా అనలేకపోయాను.

అక్క మళ్లీ అడగలేదు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ముందు పెట్టింది.

మర్నాడు ఉదయం సేఫ్టీ ఆఫీసరు గదికి వెళ్లి, కొత్త కాగితం ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని చదివింది.

“‘హిజ్ ఓన్ రోప్’. సరే. నేనూ అదే అనుకున్నాను గాని, పైవాళ్లు కాగితాన్ని చూస్తారయ్యా, మనుషుల్ని చూడరు.” ఆవిడ వేలు కింది పంక్తి దగ్గర ఆగింది. “‘ది వర్కర్ హ్యాడ్ నాట్ క్లోజ్డ్ హిజ్ ఓన్ హుక్.’ ఇది నిన్నెవరూ అడగలేదే?”

“ఇది లేకపోతే పై వాక్యం నిలబడదండీ.”

“నిన్ను నెలరోజులు కప్పు ఎక్కనివ్వను. తెలుసా?”

“తెలుసండీ.”

ఆవిడ సంతకం పెట్టి, కాగితం తిప్పి నా ముందుంచింది. “దీన్ని ఇంగ్లీషులో ‘ఓన్ అప్ టు’ అంటారు. నీ నిఘంటువులో ఉంటుంది, చూసుకో.”

మెట్ల మీద నిలబడి చూశాను. తాడును తనదని చెప్పే మాటే, పక్కన రెండు చిన్న మాటలు చేరగానే, తప్పును తనదని ఒప్పుకోవడం అయింది.

విచారణ తేలి, సోమవారం మేస్త్రి పనిలోకి వచ్చాడు. తన తాడు వదలడమూ నిబంధనకు విరుద్ధమేనట. రెండు రోజుల శిక్షణ తరగతిలో కూర్చోవాలన్నారు.

“ముందు వరసలో కూర్చోబెట్టి టీ ఇస్తార్ట,” అన్నాడు. “నీకు పుణ్యం ఉంటుందిరా.”

“మేస్త్రీ, ఆ రోజు నా కొక్కెం...”

“టక్ మనలేదు. నాకు తెలుసు.”

“తెలిసీ విచారణలో ఎందుకు చెప్పలేదు?”

“నా తాడు సంగతి అడిగారు, నా తాడు సంగతి చెప్పాను. నీ కొక్కెం సంగతి నేను చెబితే ఏం బాగుంటుంది? నువ్వు చెప్పుకోవాలి గాని.”

ఆయన నన్ను రెండుసార్లు పట్టుకున్నాడు. రెండోసారి చెయ్యి చాచకుండానే పట్టుకున్నాడు. నేనేదో అనబోయాను.

“చాల్లే. అదీ ఇంగ్లీషులో రాసి పంపేవు! మళ్లీ ఎవరు ఎవర్ని కాపాడారో తెలీకుండా పోతుంది.”

ఆయన కప్పు ఎక్కాడు. నేను లోపల నిచ్చెన వేసుకుని అదే అద్దాన్ని కింది నుంచి తుడవసాగాను. పైనుంచి ‘టక్’ మని వినపడింది. తెలియకుండానే నా చెయ్యి ఆగింది. ఆ చప్పుడుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక, అద్దానికే నుదురు ఆనించి ఒక్క క్షణం నిలబడ్డాను.

కాసేపటికి ఒక మరక దగ్గర ఇద్దరి గుడ్డలూ కలిశాయి. ఆయన పైనుంచి రుద్దాడు, పోలేదు. వంగి, అద్దం మీద వేలితో కొట్టి, నన్ను చూపించాడు. నీ వైపుది, అని.

నా నుదురు ఆనించిన చోటి మరకే అది. నవ్వు వచ్చింది. నాదేనని తలూపి తుడిచాను.