వదిన మూడో పరీక్ష

ఆ రోజు పొద్దున్నుంచీ మాస్టారమ్మ కాలు ఒకచోట నిలవలేదు. మామూలు రోజుల్లోనే ఆవిడ కూర్చుని టీ తాగడం ఎవరూ చూడలేదు, ఇక పరీక్ష రోజు సంగతి చెప్పాలా? దానికి తోడు ఎనిమిదింటికే వదిన ఫోన్ చేసింది. "చిట్టీ, మధ్యాహ్నం నేను రావటం లేదు. నాకు రాదులే ఇది. వదిలేశాను" అని ముక్తసరిగా చెప్పి పెట్టేసింది.

చిట్టి అంటే మాస్టారమ్మే. నలభై మూడేళ్ల మనిషి, డ్రైవింగ్ స్కూలుకి యజమాని, ముక్కు మీద కోపం. అయినా పుట్టింటివాళ్లకు ఇంకా చిట్టే. స్కూలంటే మరీ ఊహించుకోకండి. ఒక గది, ఒక బోర్డు, పక్క సీటు ముందు కూడా బ్రేకూ క్లచ్చూ బిగించిన పదకొండేళ్ల డీజిల్ కారు. అంతే స్కూలు.

వదిన అంటే అన్నయ్య భార్య. ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పదహారేళ్లుగా నిలబడి దుప్పట్లు మడుస్తోంది. సాయంత్రానికి మోకాళ్లు వంగవు. ఆ దుప్పట్లు మోసే వ్యాను డ్రైవరు ఈ వారంతో పని మానేస్తున్నాడు. ఇవాళ సాయంత్రంలోగా లైసెన్సు చూపిస్తే ఆ ఉద్యోగం నీదేనని సూపరింటెండెంటు వదినకు మాటిచ్చింది. వదిన రెండుసార్లు పరీక్షకు వెళ్లింది. రెండుసార్లూ సిగ్నల్ దగ్గర కారు ఆగిపోయింది, వెనకవాళ్లు హారన్లు మోగించారు, ఆమె చేతులు వణికి మళ్లీ స్టార్టు చేయలేకపోయింది. మూడోసారీ తప్పితే ఆరు నెలల దాకా లైసెన్సు ఆఫీసు గేటులోకి రానివ్వరు.

రెండోసారి తప్పాక వచ్చిన ఆదివారం అన్నయ్య ఇంట్లో అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు మాస్టారమ్మ నోరు ఊరుకోలేదు. "మా వదిన చేతిలో పడితే కారుకైనా నిద్రొస్తుంది" అంది. అందరూ పగలబడి నవ్వారు. వడ్డిస్తూ వదినా నవ్వింది. అన్నయ్యకైతే ఆ మాట లడ్డూలా దొరికింది, నెల రోజులుగా కనిపించినవాళ్లందరికీ పంచుతున్నాడు.

వదిన రానన్నా కారు పని మాత్రం ఆగదు. నిన్నటి నుంచి వెనక నల్లటి పొగ కక్కుతోంది. ఈ పొగతో వెళ్తే లైసెన్సు ఆఫీసు గేటు దగ్గరే ఆపేస్తారు. మాస్టారమ్మ మొహం మాడ్చుకుని కారు తీసుకుని మెకానిక్ దగ్గరకు వెళ్లింది. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇంజన్ రోగం కనిపెడతాడని ఆ పెద్దాయనను అందరూ చెవుల డాక్టరు అంటారు.

"సిగ్నల్ దగ్గర ఆగిపోతోందా అమ్మాయ్?" అన్నాడాయన.

"నేర్చుకునేవాళ్ల చేతిలో ఆగుతుంది బాబాయ్. వాళ్ల చేతిలో ఆగని కారేముంది? నా చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు."

"పద, ఒక చుట్టు తిరిగొద్దాం."

నాలుగు వీధులు తిరిగి సిగ్నల్ దగ్గర ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగింది. ఇంజన్ సుబ్బరంగా నడుస్తూనే ఉంది. "చూశావా?" అంది. ఆయన ఇంజన్ వినడం లేదు. వంగి ఆవిడ పాదం వైపు చూస్తున్నాడు.

"నీ కాలెక్కడుందో చూసుకో."

చూసుకుంది. బొటనవేలు యాక్సిలరేటర్ మీద ఉంది. నాన్న సరుకులు వేసే పాత వ్యాను మీద డ్రైవింగ్ నేర్చుకుంది తను. పెడల్ మీంచి కాలు తీస్తే చచ్చేది ఆ వ్యాను. అప్పుడు పట్టుకున్న అలవాటు. ఇరవై అయిదేళ్లుగా తనకే తెలియకుండా కాలు ఆ పని చేసుకుపోతోంది.

"తియ్యి" అన్నాడు డాక్టరు.

తీసింది. ఇంజన్ ముందు గునిసింది, తర్వాత స్టీరింగుతో సహా వణికింది, ఆపైన ఠక్కున ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.

షెడ్డుకు తిరిగొచ్చి, ఇంజన్ చల్లారాక, ఆయన పిడికిలంత వాల్వు ఒకటి విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. లోపలంతా మసి, వేలితో గీకితే పెచ్చులుగా రాలింది. "ఈజీఆర్ వాల్వు ఇది. బయటికి విషం తక్కువ పోవాలని పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకే పంపుతుంది. కానీ బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకోవాలి. ఇది మసి పట్టి తెరుచుకునే ఉండిపోయింది. ఇంజన్‌కి ఊపిరాడటం లేదు, నువ్వు కాలితో తోస్తున్నావు కాబట్టి బతుకుతోంది. ఆరు నెలల నుంచీ ఇంతే అయ్యుంటుంది."

మాస్టారమ్మ ఆ ఆరు నెలలూ గుర్తు చేసుకుంది. ఆరు నెలలుగా తను ఏం నేర్పుతోంది? ఆగగానే యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసెయ్యండి, బ్రేకు మీద పెట్టండి, మళ్లీ చెప్పించుకోవద్దు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కుర్రకారు ఎవరూ ఆ మాట లెక్కచేయలేదు. సిగ్నల్ దగ్గర గుర్రుగుర్రుమనిపిస్తూ నిలబడేవాళ్లు, వాళ్లంతా పాసయ్యారు. వదిన మాత్రం ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంది, కింద గీత కూడా గీసింది. చెప్పింది చెప్పినట్టు చేసింది కాబట్టే కారు ఆగింది. దానికి తను ఆమెను నలుగురిలో నవ్వులపాలు చేసింది. మాస్టారమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఇవాళ మూడింటికి పరీక్ష ఉంది బాబాయ్. ఇప్పుడే బాగుచెయ్యి."

"దీన్ని మూసే మోటరు నీరసించింది. కొత్తది ఎల్లుండి గానీ రాదు. ఇవాళ్టికి కడిగి పెడతాను. వేడెక్కితే మళ్లీ ఇరుక్కోవచ్చు, ఇరుక్కోకపోవచ్చు."

"పోనీ రేకు పెట్టి మూసెయ్యరాదూ?"

"స్టీరింగు ముందు హెచ్చరిక లైటు వెలుగుతుంది, గేటు దగ్గరే పట్టుకుంటారు. పైగా ఆ విషం పీల్చేది మనమే కదమ్మా."

ఇంకో స్కూలు కారు కోసం ముగ్గురికి ఫోన్ చేసింది. ముగ్గురి కార్లూ పరీక్షల్లోనే ఉన్నాయి. ఆయన బ్రష్షుతో మసి తోముతున్నంతసేపూ ఆవిడ కాలుగాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగింది. "అమ్మాయ్, నువ్వు తిరిగితే వాల్వు తొందరగా ఆరదు" అన్నాడాయన. అయినా తిరిగింది.

ఒంటిగంటన్నరకు ఆసుపత్రి వెనక ఉన్న లాండ్రీలోకి అడుగుపెట్టింది. లోపలంతా వేడి ఆవిరి, సబ్బు వాసన. పొడుగాటి బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి ఆడవాళ్లు దుప్పట్లు లాగి మడుస్తున్నారు. వదిన చూసింది గానీ చేతులు ఆపలేదు.

"వదినా, కారు ఆగటం నీ తప్పు కాదు" అంటూ మొదలుపెట్టి, వాల్వు సంగతీ తన కాలి సంగతీ ఒక్క గుక్కలో చెప్పేసింది. బల్ల చుట్టూ చేతులు ఒక్కొక్కటే ఆగాయి.

"ఎన్నాళ్ల నుంచి పాడు?" అంది వదిన.

"ఆరు నెలలు అయ్యుంటుందన్నాడు."

"అంటే నేను నేర్చుకోవటం మొదలుపెట్టినప్పటి నుంచి."

"అవును."

వదిన చేతిలో దుప్పటి మడత పూర్తిచేసి దొంతర మీద పెట్టింది. ఫోన్ తీసి, స్పీకరు నొక్కి, ఆ దొంతర మీదే పెట్టింది. "నాకు చెప్పింది చాలు. మీ అన్నయ్యకి చెప్పు."

"ఏంటోయ్, కారు మళ్లీ నిద్రపోయిందా?" అన్నయ్య గొంతు గదంతా వినిపించింది.

మాస్టారమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. "అన్నయ్యా, నేను చిట్టిని. ఆ మాట ఇంకెప్పుడూ అనకు. వదిన బాగానే నడిపింది. కారు పాడైంది. అది చూసుకోకుండా వదినని వెక్కిరించాను. తప్పంతా నాది."

"మరి... ఇవాళ పరీక్ష ఉందిగా?" అన్నాడు అన్నయ్య. వదిన ఫోన్ పెట్టేసింది.

"పద వదినా, టైముంది. సూపరింటెండెంటుకి సాయంత్రం చూపిద్దాం" అంది మాస్టారమ్మ.

"పొద్దున్నే ఆవిడ గదికెళ్లి నాకొద్దని చెప్పొచ్చాను. లిఫ్టు దగ్గర పనిచేసే ఆయనకిస్తామన్నారు."

మాస్టారమ్మ పక్కనున్న బట్టల బండి పట్టుకుని నిలబడింది. వదిన ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించింది. "ఉద్యోగం పోతే పోయింది. నాకు చేతనవునో కాదో నాకు తెలియాలి. నడువు."

దారిలో కారు బుద్ధిగా నడిచింది. లైసెన్సు ఆఫీసు గేటు దగ్గర మాస్టారమ్మ ఇక ఉండబట్టలేక, "ఇంజన్ వణికిందనుకో, హ్యాండ్ బ్రేకు లాగి యాక్సిలరేటర్ మీద కొంచెం కాలు..." అంది.

"ఆరు నెలలుగా చెయ్యొద్దన్నది అదేగా?"

"అదే వదినా."

"అయితే ఇప్పుడు నువ్వేమీ చెప్పకు చిట్టీ."

ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చున్నాడు. కారు రోడ్డెక్కింది. మాస్టారమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. అక్కడి నుంచి సిగ్నల్ కనిపిస్తుంది. పావుగంట తర్వాత కారు తిరిగొస్తూ కనిపించింది, సరిగ్గా ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. వెనక గొట్టంలోంచి నల్లగా ఒక ముద్ద పొగ వచ్చింది. పచ్చ లైటు పడింది, కారు కదలలేదు.

హారన్లు మొదలయ్యాయి. ఒకడు తల బయటపెట్టి ఏదో అరిచాడు. మాస్టారమ్మకు పరిగెత్తుకెళ్లి కారు తలుపు తీయాలనిపించింది. తన వల్లే, తన వల్లే అనుకుంటోంది. అప్పుడు కారు నాలుగు మూలలా లైట్లు టపటపా వెలగడం మొదలైంది, దాటి వెళ్లండని వెనకవాళ్లకు చెప్పడానికి. ఇంజన్ ఒకసారి అందుకోబోయి చచ్చింది. మళ్లీ లైటు ఎర్రగా మారింది. వదిన తొందరపడలేదు. రెండోసారి తిప్పినప్పుడు ఇంజన్ అందుకుంది. పచ్చ లైటు పడ్డాక మెల్లగా కదిలి గేటులోకి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద సంతకం పెట్టి వదినకు ఇచ్చాడు. "బండి ఆగటం తప్పు కాదమ్మా. ఆగినప్పుడు మీరేం చేస్తారన్నదే మేం చూస్తాం" అన్నాడు. తర్వాత మాస్టారమ్మ వైపు తిరిగి, "మీ కారు బాగుచేయించే దాకా మళ్లీ ఈ గేటు తొక్కకండి" అన్నాడు. మాస్టారమ్మ ఎన్ని మాటలన్నా పడడానికి సిద్ధంగా ఉంది. ఆయనకు అంత తీరిక లేదు.

కారెక్కాక వదిన ఆ కాగితం రెండుసార్లు చదువుకుంది. చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి.

"నీ మాట వినకపోతే మొదటిసారే పాసయ్యేదాన్ని కదూ?"

"అవును వదినా" అంది మాస్టారమ్మ. ఏడుపు ఆపుకోలేకపోయింది.

వదిన ఓదార్చలేదు. కారు స్టార్టు చేసింది. మలుపు రాగానే, "ఇటు తిప్పు, ఇల్లు ఇటు కదా" అంది మాస్టారమ్మ ముక్కు తుడుచుకుంటూ.

"ఇంటికెవరు వెళ్తున్నారు?" అంటూ వదిన నేరుగా పోనిచ్చింది.

ఆసుపత్రి ఆఫీసు ముందు ఆపి, "ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో. నువ్విటు వచ్చి కూర్చో, ఇంజన్ చావనివ్వకు" అని దిగిపోయింది. మాస్టారమ్మ జరిగి స్టీరింగు ముందు కూర్చుంది. అద్దాల కిటికీలోంచి సూపరింటెండెంటు బల్ల కనిపిస్తోంది. వదిన లైసెన్సు కాగితం బల్ల మీద పెట్టింది. సూపరింటెండెంటు కుర్చీ చూపించింది, వదిన కూర్చోలేదు. ఆవిడ ఇంకో కాగితం, లిఫ్టు ఆయన పేరు రాసుకున్నదేమో, తీసి చూపించింది, వదిన తల అడ్డంగా ఊపింది. వదిన ఎదుటి మనిషికి అడ్డుచెప్పడం మాస్టారమ్మ ఇదివరకు చూడలేదు. ముళ్ల మీద కూర్చున్నట్టుంది ఆవిడకు. దిగి లోపలికెళ్లి తనూ రెండు మాటలు చెబుదామంటే కారు వదలడానికి లేదు.

పావుగంటకు వదిన బయటికొచ్చింది.

"ఏమన్నారు?"

"పొద్దున రాదన్నావు, ఇప్పుడు వచ్చంటావేంటి అన్నారు. పొద్దున తెలియక అన్నాను, ఇప్పుడు తెలిసి అంటున్నానన్నాను. సోమవారం ఆయనకీ నాకూ చెరో పూట వ్యాను ఇచ్చి చూస్తారట."

"ఆయన బాగా నడుపుతాడా?"

"నడపనీ" అంది వదిన. తలుపు తీసి పట్టుకుంది. "దిగు చిట్టీ. అటెళ్లి కూర్చో."

మాస్టారమ్మ దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఆమె ఒక పని చెప్పడం, తను మారుమాట లేకుండా చేయడం ఇదే మొదలు.