నానని ముక్క

ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ ఇంట్లో బాదం పప్పుల వాసన మొదలయ్యేది. మైదా, పంచదార, మూడు గుడ్లు, గుప్పెడు బాదం పప్పులు కలిపి, చేతులకంతా అంటుకుపోయే ఆ ముద్దని తల్లి రెండు పొడుగాటి దిమ్మలుగా చేసి ట్రేలో పెట్టేది. ఇటలీవాళ్ల బిస్కోటి. ఓవెన్‌తో పాటు వచ్చిన వంటల పుస్తకంలో చివరి పేజీ. ఒకసారి కాల్చి, వేడి మీదే ఏటవాలుగా ముక్కలు కోసి, వాటిని మళ్లీ కాల్చాలి. అప్పుడవి రాళ్లలా తయారవుతాయి. కాఫీలో ముంచితే తప్ప పంటికి లొంగవు.

ఇంట్లో ముగ్గురే. తల్లి, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం చేస్తున్న కూతురు, ఆ కూతురి మేనత్త. మేనత్తకి కట్టుడు పళ్లు, వాటిని మించిన నోరు. పక్కవాళ్ల దాంట్లో చెయ్యి పెట్టకుండా ఆవిడ ఏనాడూ తిన్నది లేదు. "అదేంటత్తా, అది నాది కదా!" అని పిల్ల మొత్తుకుంటే, "కొరికినవాళ్లదే బిస్కెట్టు" అంటూ అప్పటికే కొరికేసింది చూపించేది. తల్లికి ఒళ్లు మండేది. పద్దెనిమిదేళ్లుగా మండుతూనే ఉంది.

ఇంకో సంగతి చెప్పడం మరిచాను. ఆ ఇంట్లో ఎవరికి రోజులు దగ్గరపడితే వాళ్ల బిస్కెట్టు కాఫీలో నానదు. ఎంతసేపు ముంచినా అంతే. తాతగారిది నాననప్పుడు ఆయన గోళ్లు కత్తిరించుకుని, పక్కింటాయన గొడుగు పక్కింటాయనకి ఇచ్చేసి వచ్చారు. రెండేళ్ల కిందట తండ్రిది నానలేదు. ఆయన ముక్కని సాసర్లో పెట్టేసి, "ఇంటి కాగితాలు బీరువాలో రెండో అరలో ఉన్నాయే" అన్నాడు. ఆ గురువారం, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. బయటికెళ్లే ముందు మబ్బు పట్టిందేమోనని చూసుకున్నట్టు, కప్పులోకి ఓసారి చూసుకునేవాళ్లు.

ఈ శనివారం కూతురు బూట్లు విప్పుతూ అంది: "సోమవారం నుంచి ఆ తొమ్మిదంతస్తుల పాత బిల్డింగ్ అమ్మా. లిఫ్టు తాడు చూశాను. పోగులు లేచిపోయి, దువ్వని జుట్టులా ఉంది."

తల్లికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఆదివారం దిమ్మలు ఒకసారి కాలగానే ముక్కలు కోసి, ఓవెన్ ఆపేసింది.

మేనత్త వంటింట్లోకి వచ్చి ఒక ముక్కని వేలితో నొక్కింది. వేలు దిగబడింది.

"ఇదేంటమ్మా, కేకా? రెండోసారి కాల్చలేదేం?"

"ఓవెన్ ఎందుకో వేడెక్కట్లేదు వదినా."

మేనత్త ఓవెన్ తలుపు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. "నా చెయ్యి కాలింది గాని, దీనికి వేడెక్కలేదట!"

తల్లి ఇక దాచలేకపోయింది. "ఇవాళ్టికి ఇలాగే తినేద్దాం వదినా, నీకు దణ్ణం పెడతాను. మెత్తగా ఉంటే అందరివీ నానతాయి. రేపది ఆ తాడు దగ్గరికెక్కాలి. నాకు చూడాలని లేదు."

"నువ్వు చూడకపోతే తాడు బాగవుతుందా?" అని, మేనత్తే ట్రేని లోపలికి నెట్టి మీట తిప్పింది. ఇద్దరూ అద్దంలోంచి ఆ ముక్కలు ఎర్రబడడం చూస్తూ పావుగంట నిలబడ్డారు. లోపలినుంచి గంట మోగేసరికి తల్లి ఉలిక్కిపడింది.

కూతురు తడి జుట్టుతో వచ్చి కూర్చుని, తన ముక్కని కాఫీలో ముంచింది. మామూలుగా పది లెక్కపెడితే చాలు. తల్లి లోలోపల ఇరవై దాకా లెక్కపెట్టింది. కూతురు పైకి తీసి కప్పు అంచుకేసి కొట్టింది. టక్‌మంది. మళ్లీ ముంచింది. మళ్లీ టక్‌మంది.

"రేపు వెళ్లకే," అంది తల్లి.

"నాన్న ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు కదమ్మా." కూతురు ముక్కని జాగ్రత్తగా సాసర్లో పెట్టింది, అచ్చం వాళ్ల నాన్న పెట్టినట్టే. "నా రెంచీల పెట్టె మా ఆఫీసులో కొత్తగా చేరినామెకి ఇచ్చెయ్యి. మంచి రెంచీలు."

అప్పుడు బల్ల అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చింది.

"అత్తా! వద్దత్తా, అది నాది!"

"కొరికినవాళ్లదే," అంది మేనత్త. పటుక్కుమంది. విరిగింది బిస్కెట్టు కాదు, పన్ను. అది వెళ్లి సాసర్లో పడింది. ఆవిడ కట్టుడు పళ్లు తీసి పక్కన పెట్టి, ముక్కని బుగ్గన పెట్టుకుని, "ఎంత గట్టిగా కాల్చావే మహాతల్లీ" అని తల్లినే తిట్టింది.

బల్ల ఏమంత వెడల్పైనది కాదు. తల్లి చెయ్యి చాపితే ఆవిడ చెయ్యి అందేది. చాపలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ ముక్క కరిగి అయిపోయేదాకా నలభై నిమిషాలు కూర్చుంది. ఆ పూట తనకి కలిగినంత సంతోషమూ, అంత సిగ్గూ మళ్లీ ఎప్పుడూ కలగలేదు. మేనత్త తన కప్పుని కూతురి వైపు జరిపింది. అందులో ఆవిడ ముక్క మెత్తగా నాని అడుక్కి దిగి ఉంది.

"నాది నువ్వు తిను. చూస్తావేం?"

కూతురు ఏడుస్తూనే చెంచాతో తీసుకుని తింది.

సోమవారం మధ్యాహ్నం తాడు తెగింది. మరిచిపోయిన రెంచీ కోసం కూతురు అప్పుడే మెట్లు దిగి వచ్చింది. ఒంటి మీద చిన్న గీత లేకుండా, చేతుల నిండా గ్రీజుతో ఇంటికొచ్చి, "అత్తా, తాడు తెగింది! నాకేం కాలేదు!" అని గుమ్మంలోంచే అరిచింది. మేనత్త తమ్ముడి కుర్చీలో కూర్చుని ఉంది. పలకలేదు.

తర్వాతి ఆదివారం తల్లి దిమ్మలు రెండుసార్లూ కాల్చింది. అలవాటుకొద్దీ మూడు కప్పులు పెట్టింది. తన ముక్కా, కూతురి ముక్కా పదికే నానాయి. ఇంకో పెద్ద ముక్క తీసి, తన సాసర్లో అవతలి కుర్చీకి అందేలా అంచున పెట్టింది. కావాలనే కిటికీ వైపు తిరిగి, కాఫీ చల్లారేంతసేపు బయటికి చూసింది.

తిరిగి చూస్తే ముక్క అక్కడే ఉంది.