నీళ్ళు తాపని గుడ్డ

నన్ను వదిలేసి పోయేటప్పుడు మా ఆయన రస్సెల్ పడవ తీసుకున్నాడు, చక్రాల ఇల్లులాంటి క్యారవాన్ తీసుకున్నాడు, మా స్నేహితుల్లో సగం మందిని తీసుకున్నాడు. పీడా పోయిందిలే అనుకున్నాను. నది ఒడ్డున చోటు కూడా తనదేనన్నాడు చూడండి, అప్పుడు మండింది నాకు ఒళ్ళు.

మర్రే నది వంపు తిరిగే దగ్గర ఉన్న క్యాంపు మైదానంలో, నీళ్ళకి ఆనుకుని ఉంటుంది ఆ చోటు. ప్రతి క్రిస్మస్‌కీ మా మకాం అక్కడే, మొదట్లో టెంట్లలో, తర్వాత క్యారవాన్‌లో. నా పిల్లలిద్దరూ ఈత నేర్చుకుంది అక్కడే. చోటు మాత్రం మా అత్తగారు డల్సీ పేరున ఉంది. ఎనభై దాటిన మనిషి. "ఈ ఏడాదితో నా పేరు తీసేయ్ నాయనా, పండగ సెలవులు అయ్యేలోగా ఎవరి పేరు పెట్టాలో చెప్తా" అని మైదానం చూసుకునే నెవిల్‌తో చెప్పింది. ఆవిడ నోట ఎవరి పేరు వస్తే చోటు వాళ్ళదే, అక్కడి పద్ధతి అంతే. కొడుకు పేరే వస్తుందని అందరూ అనుకున్నారు. రస్సెల్ అయితే అనుకోవడం కూడా మానేసి, క్యారవాన్ అమ్మి, కొత్తావిడ తానియాకి నచ్చిన పెద్ద ట్రైలర్ టెంటు కొనేశాడు.

నేనూ ఒకటి కొన్నాను. రిటైరైన ఒక పంతులమ్మ దగ్గర, చవగ్గా. కారు వెనక తగిలించుకునే చిన్న ఇనప పెట్టె, మూత మీద మడతపెట్టిన ముదురాకుపచ్చ కాన్వాసు గుడ్డ. ఒక మూల మాసిక కూడా ఉంది. కొన్న రోజే పెరట్లో విప్పి గొట్టంతో తడిపాను, ఆరబెట్టాను, మళ్ళీ తడిపాను. దాన్ని గుడ్డకి నీళ్ళు తాపడం అంటాం. తడిస్తే నూలు ఉబ్బుతుంది, కుట్టు దగ్గర సూది బెజ్జాలన్నీ మూసుకుపోతాయి. పాత గుడ్డే అయినా ఎందుకైనా మంచిదని తాపాను. మా ఇంట్లో ఈ పని ఎప్పుడూ నాదే. గొట్టం పట్టుకుని నేను తడిసి ముద్దయ్యేదాన్ని, రస్సెల్ లోపల క్రికెట్ చూసేవాడు.

పండగకి ముందు రోజు, రస్సెల్ వాళ్ళ పక్క చోటు ఖాళీగా ఉందని తెలిసి కావాలనే అక్కడికే వెళ్ళాను. మాకు క్రిస్మస్ వచ్చేది నడి ఎండాకాలంలో; ఎండ పేలిపోతోంది, ఈగలు. మా క్యాంపుల్లో ఒక వేడుక ఉంది: కొత్తగా ఎవరొచ్చినా అందరూ మడత కుర్చీలు వేసుకుని, చేతిలో బీరు పట్టుకుని, వాళ్ళు కారు రివర్సు చేస్తూ ట్రైలర్ని వెనక్కి ఎలా తోస్తారో చూస్తూ కూర్చుంటారు. ముప్ఫై ఏళ్ళు ఆ కుర్చీల్లో కూర్చుని రస్సెల్ నా మీద వేసిన జోకులు ఇన్నీ అన్నీ కావు.

"అందరూ కాళ్ళు పైకెత్తుకోండహో! మార్లీన్ వెనక్కి తోస్తోంది!" అని అరిచాడు.

ఒక్క విసురులో తోసి పెట్టాను. మళ్ళీ ముందుకి తియ్యలేదు. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, కారు నుంచి విడదీసి, నాలుగు మూలలా కాళ్ళు దించి, మూత తిరగేశాను. గుడ్డ తెరుచుకుంది. లోపలికి దూరి గొట్టాలు ఎత్తి బిగించి, బయటికొచ్చి మేకులు దిగ్గొట్టి తాళ్ళు లాగాను. నెవిల్ చప్పట్లు కొట్టాడు.

"అది టెంటా, కోళ్ళగూడా?" అన్నాడు రస్సెల్.

"కోళ్ళగూడే. అందుకే పుంజుని బయట వదిలేసి వచ్చా" అన్నాను.

కుర్చీలన్నీ ఘొల్లుమన్నాయి. తానియా కూడా నవ్వాపుకోలేకపోయింది పాపం. రస్సెల్ మొహం మాడిపోయింది. నాకు మాత్రం చాల్లేదు. ముప్ఫై ఏళ్ళ కక్ష ఒక్క జోకుతో తీరుతుందా?

తర్వాత వాడు తన టెంటు విప్పాడు. అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు దానికి. గుడ్డ ఫెళఫెళలాడుతోంది, మడతల గీతలు కత్తిలా ఉన్నాయి, ఎక్కడా ఒక్క నీటి మరక లేదు. నాకు వెంటనే అర్థమైంది. ఈ మహానుభావుడు గుడ్డకి నీళ్ళు తాపలేదు. తాపాలనే సంగతే తెలీదు. కొత్త టెంటు వానని దానంతటదే ఆపుతుందనుకున్నాడు, ఇన్నేళ్ళూ ఆగింది కదా మరి!

చెప్పాలి. ఎవరైనా చెప్తారు. బద్ధ శత్రువుకైనా "ఓ బకెట్టు నీళ్ళు పొయ్యవయ్యా" అని చెప్తారు. నేను నోరు మెదపలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఆకాశం వంక చూస్తూ, ఒక్క మబ్బు పంపించు దేవుడా అని నిండు మనసుతో మొక్కుకున్నాను. అంత భక్తి నాకెప్పుడూ కలగలేదు.

నాకు తగిలిందల్లా ఒకటే. వాళ్ళతో వచ్చిన డల్సీ అమ్మ మంచం వాడు టెంటు గుమ్మంలో, పందిరి గుడ్డని జిప్పుతో అతికించే కుట్టు కింద వేశాడు. లోపలి పెద్ద మంచం వాళ్ళిద్దరికీ. డల్సీని నేను ఇన్నేళ్ళూ అమ్మా అనే పిలిచాను. వాన పడితే ముందు తడిసేది ఆవిడే. అది తెలిసీ ఊరుకున్నాను. అంత కసి మీద ఉన్నాను.

పండగ గడిచింది. మర్నాడు మధ్యాహ్నం, మిగిలిన హామ్ మాంసం తిని అందరూ కునుకు తీస్తుండగా పడమట నల్లగా కమ్మేసింది. గాలి లేచింది, వాన దంచింది. నా టెంటులో పడుకుని పైకి చూశాను. ఒక్క చుక్క రాలేదు. పక్క నుంచి తానియా కేకలు మొదలయ్యాయి.

"పరుపు మీద పడుతోంది! రస్సెల్! ఇక్కడ కూడా!"

"లోపల్నించి చెయ్యి పెట్టి నొక్కుతా, ఆగుతుంది!" అంటున్నాడు వాడు.

తడిసిన గుడ్డని లోపల్నించి ముట్టుకుంటే ముట్టుకున్న చోటల్లా కారుతుంది. నేను దిండు నోట్లో కుక్కుకుని నవ్వాను. అంతలో నా టెంటు గుమ్మం జిప్పు లేచింది. అమ్మ లోపలికి వచ్చింది. తలనుంచి మోకాళ్ళ దాకా పసుపుపచ్చ వానకోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు. లోపల గౌను పొడిపొడిగా ఉంది.

"తడవలేదేంటమ్మా?"

"పడుకునే ముందే ఇవి వేసుకున్నా పిల్లా. ఉడికి చచ్చాననుకో."

"ముందే ఎందుకు?"

"నీకొక్కదానికే కళ్ళున్నాయా? గుడ్డ చూశాను, తాపలేదని తెలిసింది."

"మరి వాడికి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆవిడ బూట్లు విప్పుకుంటూ, "కన్నతల్లిని గుమ్మంలో కుక్కని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు వెధవ" అంది. అప్పుడు నవ్వలేదు.

టెంట్ల మేకులు చూసుకుంటూ నెవిల్ అటు వచ్చాడు. అమ్మ తల బయటపెట్టి కేకేసింది. "నెవిల్! పేరు చెప్తా రా! మార్లీన్ పేరు పెట్టు!"

తడిసిన కోడిలా ఉన్న రస్సెల్ ఆ కేక విని పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, నీకు మతి పోయిందా?" అన్నాడు. వాడు నెవిల్ వంక చూశాడు. నెవిల్ భుజాలెగరేశాడు. ఆవిడ చెప్పింది, అయిపోయింది.

వాడప్పుడు నా వైపు తిరిగాడు. గొంతు దించాడు.

"సరే మార్లీ. చోటు నీదే. పొద్దున ఎండ వచ్చి గుడ్డ ఆరేదాకా ఉండనియ్యి. తర్వాత విప్పుకుని వెళ్ళిపోతాం."

మా క్యాంపుల్లో ఎవరూ కాదనని మాట అది. తడిగుడ్డ మడిచి పెట్టెలో పెడితే బూజు పడుతుంది, ఆ నల్లమచ్చలు మరి వదలవు, టెంటు పనికిరాకుండా పోతుంది. ఎంత పగ ఉన్నా గుడ్డ ఆరనిస్తారు.

"ఇప్పుడే మడువు" అన్నాను.

"మార్లీ, కొత్తది..."

"తెలుసు. మడువు."

నెవిల్ నేల చూపులు చూశాడు. వానలోనే వాళ్ళిద్దరూ గొట్టాలు దించి, నీళ్ళోడుతున్న గుడ్డని మడతలు పెట్టి, మీద కూర్చుని నొక్కి మూత బిగించారు. నేను గుమ్మంలో నిలబడి మొదటినుంచి చివరిదాకా చూశాను. జాలి రాలేదు. కడుపు చల్లగా ఉంది. వాళ్ళ కారు గేటు దాటింది.

"అది కాస్త ఎక్కువైంది పిల్లా" అంది అమ్మ వెనకనుంచి.

"అవునమ్మా" అని, ఆవిడకి టీ పెట్టాను.