మెట్ల కింద హాజరు

ఆ పట్టణం పేరు చెప్పను. చెబితే మిగతా పట్టణాల వాళ్లు 'హమ్మయ్య, మనది కాదు' అనుకుని దుప్పటి కప్పుకుంటారు. మీకు దగ్గర్లో సర్కారు దవాఖాన ఉంటుంది కదా, ఒకసారి పోయి దాని మెట్లు చూసి రండి. అవే అనుకోండి.

ఒక ఎండాకాలం పొద్దున ఆ మెట్లమీద బక్కమ్మ తన బిడ్డ మల్లీశ్వరిని వీపున వేసుకుని ఎక్కుతోంది. బక్కమ్మ గొర్రెలు కాసే మనిషి. మల్లీశ్వరికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చేతులు మాత్రం బంగారం. మండల కేంద్రంలో చిన్న గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుడుతుంది. ఆ కిరాయి ఆమె పింఛనుతో వెళ్లేది.

ఆ రోజు సదరం క్యాంపు. వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే రోజు. ఆ కాగితం గడువు దాటితే పింఛను ఆగుతుంది. నడవలేనివాళ్లు వచ్చే ఆ క్యాంపును పైఅంతస్తులో పెట్టారు. ఎందుకయ్యా అంటే, ఏసీ పైన ఉంది. లిఫ్ట్ కూడా ఉంది. దాంట్లో విరిగిన మంచాలు పేర్చి, తలుపుకు 'మరమ్మతులో ఉన్నది' అని అట్ట కట్టారు. ఆ అట్టమీద అక్షరాలు కూడా వెలిసిపోయాయి.

మెట్ల మలుపు దగ్గర బక్కమ్మ కాలు జారింది. మోకాలు రాతికి కొట్టుకుంది, మల్లీశ్వరి గడ్డం పగిలింది. రక్తం తుడుచుకునే లోపలే కింది నుంచి ఒక గొంతు వినిపించింది.

"పెద్దమ్మా, గట్లనే ఉండు. జర ముఖం ఇటు తిప్పు."

అతను విజేందర్, ఆ పట్టణం విలేకరి. ఫొటో తీశాడు. తరువాత పట్టి లేపాడు కూడా, కాదనకూడదు. వాళ్లు పైకి చేరేసరికి మల్లీశ్వరి పేరు పిలవడం అయిపోయింది.

"పిలిచినం, పలకలే. గైర్హాజరు," అన్నాడు గుమస్తా.

"కిందనే ఉన్నం సార్," అంది మల్లీశ్వరి.

"కింద ఉంటే ఉన్నట్టు కాదమ్మా. వచ్చే క్యాంపుకు రా. అది కూడా తప్పితే పింఛను మర్చిపో."

మర్నాడు పేపర్లో సగం పేజీ ఫొటో. 'అమ్మ వీపే పల్లకి' అని శీర్షిక. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు, ఒకరికొకరు పంపుకున్నారు. ఒక పెద్ద అధికారి బక్కమ్మను పిలిచి శాలువా కప్పాడు. ఆ సన్మానం వేదికకూ మెట్లే ఉన్నాయి. బక్కమ్మ బిడ్డను మోసుకునే ఎక్కింది, జనం చప్పట్లు కొట్టారు. లిఫ్ట్ సంగతి ఒక్కరూ అడగలేదు. ఆ నెల నుంచి పింఛను ఆగింది. గది యజమాని 'ఇంకొక్క నెల చూస్తా' అన్నాడు.

బక్కమ్మ మాత్రం ఆ ఫొటోకు అద్దం కట్టించి, గొంగడి తగిలించే చోట పెట్టుకుంది. మల్లీశ్వరి గది నుంచి తల్లి ఇంటికి వచ్చినప్పుడల్లా ఎదురుగా అది కనిపించేది. అందులో తల్లి ముఖం ఉంది, చెమట ఉంది. మల్లీశ్వరికి ముఖం లేదు. తల్లి నడుముకు అటూ ఇటూ వేలాడే రెండు కాళ్లు, అంతే. చూసినకొద్దీ ఆమెకు కడుపు మండేది.

ఆ మంటలో ఉండగానే ఫోన్లో కోమల మాటలు విన్నది. కోమల పుట్టుగుడ్డి, లా చదువుతోంది. వికలాంగుల చట్టాన్ని ఫోను చదివి వినిపిస్తుంటే విని, దాన్ని మన భాషలోకి మార్చి, తన గొంతుతో ఊరూరి గ్రూపులకు పంపుతుంది. 'సర్కారు బిల్డింగులల్ల మనం పోయేటట్టు తొవ్వ ఉండాలె. అది దయ కాదు, చట్టం. లేకపోతే తప్పు మన కాళ్లది కాదు, బిల్డింగుది' అంటుందా గొంతు. మల్లీశ్వరి దాన్ని మళ్లీ మళ్లీ విని, ఫోన్ చేసింది. "చెల్లే, మా ఇంటికి రా. అందరం కూసుందాం."

మంద మేతకు పోయిన తరువాత బక్కమ్మ ఖాళీ గొర్రెల దొడ్డిలో కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో, పాకుతూ, కర్రలమీద వచ్చారు. కోమల తన అవ్వ ఈదమ్మను పట్టుకుని వచ్చింది. ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఈదమ్మ నడుము నేలకు వంగింది, మెడ తిరగదు. దళితవాడ ఈదమ్మ గొర్రెలు కాసే కురుమల దొడ్డిలో గొంగడిమీద కూర్చోవడం అదే మొదలు. బక్కమ్మ ఒక క్షణం తటపటాయించి, చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"పేపరోళ్లకు, టీవోళ్లకు చెప్పుకుందాం," అన్నారెవరో.

ఈదమ్మ నవ్వింది. "నా ఇంటికి కెమెరా రాని ఎలచ్చన్లు ఉన్నయారా? రైక ఇప్పి నడుము చూపియ్యుమన్నరు, చూపిచ్చిన. నా నడుము చూపిచ్చుకొని ఎందరు గెలిచిన్రో. నా నడుమైతే లేవలే."

"అట్లని డాక్టర్లతోని కొట్లాట పెట్టుకుంటమా?" అన్నాడు పరశురాములు. హైవే మీద లారీ కింద కాలు పోయిన మనిషి. "వాళ్లకు కోపమొస్తే పర్సెంటు తగ్గిచ్చి రాస్తరు. నీళ్లల్ల ఉండి మొసలితోని పగనా?"

"పగ లేకపోతే మొసలి మింగుత లేదా మామా?" అంది మల్లీశ్వరి. "మోసేటోళ్లు లేక నువ్వు పోయిన క్యాంపుకే రాలే. నేను మోపిచ్చుకొని పోతే గైర్హాజరన్నరు. ముందు నడిచే గొర్రె ఆగితే మందేమైతది?"

"ఆగుతది," అన్నాడు పరశురాములు. అతనూ గొర్రెలకాపరే.

"మనం కూడ ఆగుదాం. ఈసారి ఎవ్వరం మోపిచ్చుకోవద్దు, ఎవ్వరం పాకొద్దు. మెట్ల కిందనే కూసుందాం. డాక్టర్లకు కాళ్లున్నయి గదా, వాళ్లే దిగి రావాలె."

దొడ్డిలో గోల లేచింది. కొందరు భయపడ్డారు, కొందరు తిట్టుకున్నారు. 'కింద హాలు పెద్దగనే ఉన్నది, ఎందుకు పెట్టరు?' అని ఒకరంటే, 'ఉన్న పింఛను పోగొడతవా పిల్లా?' అని ఇంకొకరు. ఎండ నెత్తిమీదికొచ్చేదాకా వాదించుకున్నారు. చివరికి పరశురాములే అన్నాడు: "సరే. ఒక్కరు ఎక్కినా అందరం చచ్చినట్టే. అది యాదుంచుకోండ్రి."

అందరూ పోయాక బక్కమ్మ దొడ్డి ఊడుస్తూ తల ఎత్తకుండా అడిగింది. "అయితే నా వీపు నీకు బరువైందా బిడ్డా?"

మల్లీశ్వరి ఆ వంగిన వీపు వైపు చూసింది. తనను బడికి మోసింది ఆ వీపే. మోత్కూర్ అంగడికి, జాతరకు, దవాఖానకు మోసింది ఆ వీపే.

"నీ వీపు బరువు కాలేదమ్మా. నీ వీపు ఉన్నదని వాళ్లు తొవ్వ ఏస్త లేరు."

 బక్కమ్మ చీపురు మూలకు విసిరి మందకు ఎదురుపోయింది. తల్లి మనసు నొచ్చుకుందని మల్లీశ్వరికి తెలుసు, అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

క్యాంపు రోజు వచ్చింది. దవాఖాన మెట్ల ముందు జనం నేలమీద బైఠాయించారు. మూడుచక్రాల బండ్లు, చంకకర్రలు, వంగిన నడుములు, బిడ్డలను ఒళ్లో పెట్టుకున్న తల్లులు. పైన పేర్లు పిలవడం మొదలైంది. గుమస్తా గొంతు మెట్ల మీదుగా కిందికి వచ్చింది.

"ఈదమ్మ!"

"ఉన్న!" అని ఈదమ్మ కంటే ముందు మందంతా అరిచింది. "మెట్ల కింద ఉన్న!"

"పరశురాములు!"

"ఉన్న! మెట్ల కింద ఉన్న!"

పైన గొంతు ఆగిపోయింది. బల్లలు జరిగిన చప్పుడు. విజేందర్ పరుగున వచ్చి మల్లీశ్వరి ముందు కూర్చున్నాడు.

"అక్కా, మా అమ్మను యాది చేసుకొని తీసిన ఆ ఫొటో. ఇయ్యాల మళ్ల నీ మీదనే వార్త. ఆ రోజు దెబ్బ గురించి రెండు మాటలు చెప్పు. జర కండ్లల్ల నీళ్లొస్తే మా డెస్కోళ్లు వెంటనే వేస్తరు."

"తమ్మీ, ఆ ఫొటోల నా ముఖం ఏది?"

విజేందర్ ఎత్తిన ఫోను కిందికి దించాడు.

"ఇయ్యాల మా దగ్గర నీళ్లు లేవు. లిఫ్టు ఉన్నది. పో, దాని తలుపు తెరిచి తియ్యి. మా అమ్మ ప్రేమ వద్దు, ఆ మంచాలు చూపియ్యి."

"దవాఖాన ప్రకటనలు మా పేపరుకే వస్తయక్కా. నా నౌకరి..."

"నీకు నౌకరి, నాకు కిరాయి. ఇద్దరం ఒక్క తొవ్వలనే ఉన్నం," అంది మల్లీశ్వరి. అతను లేచి అటూ ఇటూ తిరిగాడు. ఎటు పోతాడో ఎవరికీ తెలియలేదు.

అంతలో సూపరింటెండెంటు దిగాడు. పూర్తిగా దిగలేదు, మలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. బక్కమ్మ పడింది సరిగ్గా అక్కడే. మల్లీశ్వరిని గుర్తుపట్టి, గొంతు మెత్తగా చేశాడు.

"నువ్వు పేపర్ల వచ్చిన అమ్మాయివి కదా? నీ కోసం డాక్టరును ఇప్పుడే కిందికి పంపుత. పది నిమిషాల్లో నీ పని అయిపోతుంది. మిగతా వాళ్లను పైకి రమ్మను."

 మల్లీశ్వరికి గది, కుట్టుమిషను, సగం కుట్టిన జాకెట్లు కళ్ల ముందు తిరిగాయి. ఔనంటే సాయంత్రానికి బతుకు తన చేతిలో ఉంటుంది.  మెడ తిరగని ఈదమ్మ ఒళ్లంతా తిప్పి ఆమె వైపు చూసింది.

"డాక్టరు కిందికి దిగొచ్చా సార్?" అంది మల్లీశ్వరి.

"నీ కోసం దిగుతాడు."

"నా కోసం దిగేటోడు అందరి కోసం దిగుతడు. నా పేరు ఆఖరికి రాయండ్రి. ముందు ఈదమ్మవ్వను చూడుండ్రి."

చప్పట్లు, ఈలలు. సూపరింటెండెంటు ముఖం ఎర్రబడింది. "ఇది బ్లాక్‌మెయిల్!" అని పైకి వెళ్లాడు. అప్పుడే లిఫ్ట్ దగ్గర ఇనుము కిర్రుమంది. విజేందర్ తలుపు లాగేశాడు. లోపల విరిగిన మంచాలు, వాటిమీద సాలెగూళ్లు. అతను ఫోను పైకెత్తి, లైవ్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. "ఆనాడు అమ్మ వీపు ఫొటో తీసింది నేనే. ఈ తలుపు తెరవకుండ తీసిన. ఇయ్యాల తెరిచిన, చూడుండ్రి." 

పోలీసులు వచ్చారు. మొదట విజేందర్ ఫోను గుంజుకున్నారు. ఎస్ఐ లాఠీతో మెట్టుమీద కొట్టాడు.

"ప్రభుత్వ పనికి అడ్డం తగులుతున్నరు. అందరూ లేవండి, వ్యాను ఎక్కండి!"

వ్యాను మెట్టు నడుమెత్తు ఉంది. జనం దాన్ని చూశారు, ఎస్ఐని చూశారు.

"ఎట్ల ఎక్కాలె సార్?" అడిగింది కోమల. ఒకరు నవ్వారు, పదిమంది నవ్వారు, ఆవరణంతా నవ్వింది.

"ఎత్తి పడేయండి!" ఎస్ఐ అరిచాడు.

ఇద్దరు కానిస్టేబుళ్లు మల్లీశ్వరి మీదికి వంగారు. మధ్యలోకి ఎవరో దూసుకొచ్చారు. బక్కమ్మ. పొద్దుటి నుంచి గేటు దగ్గర ముభావంగా కూర్చున్న మనిషి, చేతిలో గొర్రెలను మలిపే కర్రతో వచ్చి నిలబడింది.

"ముట్టుకోకుండ్రి! పుట్టినకాంచి దాన్ని మోసిన దాన్ని నేను. ఇయ్యాల నా బిడ్డ వద్దంటే నేనే ఎత్తలే. మీరెవల్రా ఎత్తెటందుకు?"

కానిస్టేబుళ్లు వెనక్కి తగ్గారు. వాళ్లలో ఒకడు తల దించుకున్నాడు, వాడికీ ఇంట్లో ఎవరున్నారో ఏమో. ఎస్ఐ పక్కకు పోయి ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. గంట గడవకముందే ఒక డీసీఎం వచ్చింది. గొర్రెలను అంగడికి తోలే బండి. కానిస్టేబుళ్లు దాని వెనక తలుపును, అదే డాలాను, దించి, గొర్రెలు ఎక్కే పొడవాటి చెక్కను నేలకు వాల్చారు. అది కదలకుండా కింద రాళ్లు కూడా పెట్టారు.

మల్లీశ్వరి ఆ చెక్కను చూసింది. 

"చూసిన్రా!" అని అరిచింది. "మనం డాక్టరు దగ్గరికి పోవాలంటే ఇన్నేండ్లల్ల తొవ్వ ఎయ్యలే. జైలుకు పోవాలంటే గంటల ఏసిన్రు! ఎయ్యొస్తది వీళ్లకు. ఎయ్యొస్తది, ఎయ్యరు!"

ఆమె అరచేతులు నేలకు ఆనించి చెక్క దగ్గరికి కదిలింది. బక్కమ్మ చేతులు అలవాటుగా ముందుకు వచ్చాయి. వచ్చి, ఆగిపోయాయి. వాటిని ఆమె కొంగులో దాచుకుంది. మల్లీశ్వరి చేతుల మీద బరువు వేసి, చెక్కమీద ఒంటిని జరుపుకుంటూ, ఎవరి వీపూ లేకుండా పైకి ఎక్కింది. ఎక్కి వెనక్కి తిరిగి కూర్చుని, తల్లిని చూసింది. బక్కమ్మ ఏడుస్తోంది. ఆ ఏడుపును ఫొటో తీసేవాళ్లు అక్కడ లేరు.

పరశురాములు ఎక్కాడు. చక్రాల బండ్లు ఎక్కాయి. ఈదమ్మ కోమల భుజం పట్టుకుని ఎక్కింది. విజేందర్‌ను కూడా తోశారు. డాలా మూస్తుంటే కోమల పేరు పేరునా పిలిచింది, బండి ఊగేలా అందరూ పలికారు. "ఉన్న!"

బండి కదిలింది. తొందరలో చెక్క నేలమీదే మిగిలింది. తీయడానికి ఒక కానిస్టేబుల్ వచ్చేసరికి బక్కమ్మ దానిమీద కూర్చుని ఉంది. "ఇది మాది. ఇప్పటిదాక యాడ దాచిన్రో చెప్పి తీసుకపో," అంది. ఆమెను అక్కణ్ణించి లేపడం ఎవరివల్లా కాలేదు.

పోలీసులు వదిలేశాక కూడా సర్టిఫికెట్ లేదు, మల్లీశ్వరి గది పోయింది. కుట్టుమిషను దొడ్డి పక్కకు చేరింది. బక్కమ్మ గోడమీది ఫొటో తీసేసి, ఆ మేకుకు బిడ్డ కొలతల టేపు తగిలించింది.

మళ్లీ క్యాంపు నాడు గుమస్తా పైన కూర్చుని మొదటి పేరు పిలవబోయి, కిటికీలోంచి కిందికి చూశాడు. గేటులోంచి ఆటోలు, ట్రాక్టర్లు, డీసీఎంలు వస్తూనే ఉన్నాయి. విజేందర్ లైవ్ చూసినవాళ్లు, కోమల గొంతు విన్నవాళ్లు, నల్లగొండ వైపు నుంచి, పాలమూరు వైపు నుంచి, కొత్తకోట నుంచి, కొల్లాపూర్ నుంచి. ప్రతి బండి డాలా దిగుతోంది, ప్రతి డాలా నుంచి ఒక చెక్క నేలకు వాలుతోంది. అన్నిటికంటే ముందు, గొర్రెల కర్ర పట్టుకుని బక్కమ్మ నడుస్తోంది. ఆమె వీపు ఖాళీగా ఉంది. పక్కన, తన చేతులమీద తాను మల్లీశ్వరి వస్తోంది.

గుమస్తా పేరు పిలవనే లేదు. అయినా కింది నుంచి జవాబు వచ్చింది.

"ఉన్నం!"