రొట్టె విరిచే చెయ్యి

స్తుతి ఆ సంఘంలో అడుగుపెట్టిననాడు గుడి తలుపుకి తాళం లేదు. వెయ్యాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. లోపల బెంచీలు ఒక మూలకి తోసేసి, నేలంతా ఎవరో జీడిపిక్కలు ఆరబోసుకున్నారు.

అక్కుపల్లికి ఇవతల, జీడితోటల మధ్యనున్న ఆ పేటలో చాలామంది బాప్టిస్టు విశ్వాసులే. సంఘపెద్ద పదవి కోసం రెండు కుటుంబాలు తగువుపడి, ఒకరొస్తే ఇంకొకరు రాక, చివరికి ఎవరూ రాకుండా పోయారు. పాస్టరు వేరే ఊరు చూసుకున్నాడు. చుట్టుపక్కల సంఘాలన్నిటినీ చూసుకునే అసోసియేషన్ వాళ్ళు ఈ సంఘాన్ని మూసేద్దామనుకుంటుంటే స్తుతి "నేను వెళ్తాను" అంది. టెక్కలి పిల్ల. బైబిలు కాలేజీలో అందరికంటే బాగా చదివింది. కానీ ఆడవాళ్ళకి పాస్టరుగా అభిషేకం ఇచ్చే అలవాటు అక్కడ లేదు గనక ఏ సంఘమూ ఆమెకి దక్కలేదు. చచ్చిన సంఘం కాబట్టి ఈసారి ఎవరూ అడ్డుచెప్పలేదు.

వెళ్ళగానే ఆమె ప్రసంగాలు మొదలెట్టలేదు. ఇంటింటికీ తిరిగింది. గుడికెందుకు రారని ఎవరినీ అడగలేదు. ఆదివారం ఎలా గడుస్తుందని మాత్రం అడిగింది.

"ఆదోరం పొద్దుటే కదమ్మా పలాస ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టడానికి పిలుత్తారు. మానేత్తే మళ్ళీ పిలవరు" అంది సుభద్ర.

స్తుతి ఆరాధనని సాయంత్రానికి మార్చింది. పెద్దరికం ఏడాదికొక ఇంటికి మారేట్టు ఒప్పించింది. ఆ మాట మీద రెండు కుటుంబాలూ నెలల తరబడి ఆమెతో మాట్లాడలేదు. కిడ్నీలు పాడైనవాళ్ళు ఆ పేటలో చాలామంది. డయాలసిస్‌కి పలాస వెళ్ళేవాళ్ళతో ఆటోలో తానూ వెళ్ళేది. మిషను దగ్గర గంటలకొద్దీ పడుకునేవాళ్ళ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది, అడిగితే ప్రార్థన చేసేది.

అలా ముందుగా గుడికొచ్చినవాడు దేవరాజు. తగువుపడిన కుటుంబాల్లో ఒకదానికి పెద్ద ఆయనే. ఆయన వెనకే కోడళ్ళు, వాళ్ళని చూసి అవతలివాళ్ళు వచ్చారు. రెండో ఏడు కోతపండగకి జనం గుడిలో పట్టక బయట టెంటు వెయ్యాల్సొచ్చింది. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఆడవాళ్ళు ఒకే డేగిసా దగ్గర నిలబడి పులిహోర కలిపారు.

ఒక్కటే లోటు. ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచి ద్రాక్షరసంతో అందరికీ పంచే ఆచారం, లేదు. అభిషేకం లేనివాళ్ళు రొట్టె విరవకూడదు. నెలకొకసారైనా ఎవరినైనా పంపండని స్తుతి అసోసియేషన్ అధ్యక్షుడు రెవరెండ్ ఏసుబాబుని అడుగుతూనే ఉంది. "ముందు సంఘం నిలబడనీ అమ్మా, చూద్దాం" అనేవాడాయన. ఎవరినీ పంపలేదు.

కోతపండగకి మాత్రం తానే వచ్చాడు. బయటి టెంటుని, లోపలి జనాన్ని తేరిపార చూశాడు. ఇదంతా ఎలా సాధించావో వివరంగా రాసివ్వమన్నాడు. రాసిచ్చింది. తర్వాత పలాస మహాసభలో అదే 'సంఘాల పునరుజ్జీవన ప్రణాళిక' అయింది. వేదిక మీద చదివినవాడు ఏసుబాబు. చివర్లో "ఒక సోదరి కూడా సహకరించింది" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న స్తుతి మిగతావాళ్ళతోపాటు చప్పట్లు కొట్టింది.

నెల తిరక్కుండా ఆయన పేటకొచ్చి కూటం పెట్టాడు.

"ఇన్నాళ్ళూ ఈ సంఘానికి ప్రభువు బల్ల లేదు. పాస్టరు లేకపోతే బల్లెక్కడిది? కొత్త పాస్టరుగా నిఖిల్‌ని పంపిద్దామనుకుంటున్నాం. స్తుతమ్మ పిల్లల సండే స్కూలు చూసుకుంటుంది. సరేననేవాళ్ళు చెయ్యెత్తండి."

ముందుగా లేచిన చెయ్యి దేవరాజుది. సూదులు గుచ్చీ గుచ్చీ నరాలు ఉబ్బిన చెయ్యి. ఆ తర్వాత సుభద్ర తలొంచుకుని ఎత్తింది. తర్వాత అందరూ.

మర్నాడు దేవరాజుకి డయాలసిస్. స్తుతి ఎప్పట్లాగే ఆటో తెచ్చింది. సగం దారిలో ఆయనే కదిపాడు.

"కోపమొచ్చిందేటమ్మా?" అన్నాడాయన.

"ఎందుకెత్తారు పెద్దయ్యా?"

"నా కొడుకులు రానినాడు నువ్వొచ్చావు. నీకన్నా నాకెవులూ ఎక్కువ కారు. అయితే ఏటి? ఇంకెన్నాళ్ళుంటానో నాకే తెల్దు. బల్లలో సెయ్యెట్టి ఏళ్ళయిపోనాది. నువ్విచ్చిన రొట్టె సెల్లదంటన్నారు కదా ఆళ్ళు."

"చెల్లదని మీరూ అనుకుంటున్నారా?"

"నానేటనుకుంటే ఏటి? దేవుడు ఆళ్ళ మాటే ఇంటే? అక్కడికెళ్ళాక నన్ను ఎనక్కి తోలెత్తే?"

చదువుకున్న చదువులో దీనికి చాలా జవాబులున్నాయి. వాటిలో ఒక్కటైనా చావుకి భయపడుతున్న ఆ మనిషి చేతిలో పెట్టదగ్గదిగా ఆమెకి కనబడలేదు. ఆయన్ని దింపి, మంచం దాకా నడిపించి, దుప్పటి కప్పింది. బయటికొచ్చాక, ఇంక ఎవరూ చూడరనుకున్నప్పుడు ఏడ్చింది. ఆయన మీద కోపం పెట్టుకుందామన్నా నిలవడం లేదని ఏడ్చింది.

సండే స్కూలు వద్దని, నందిగాంలో ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది.

నిఖిల్ చెడ్డవాడు కాదు. కాలేజీలో ఆమెకి జూనియర్. కానీ సాయంత్రాలు అతనికి ఏసుబాబు వేరే సంఘాల్లో పని పెట్టడంతో ఆరాధన మళ్ళీ పొద్దుటికి మారింది. ఫ్యాక్టరీకెళ్ళే ఆడవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. పెద్దరికం ఎవరి వంతన్న మాటొచ్చినప్పుడు ఏసుబాబు ఒక కుటుంబానికే ఖాయం చేసేశాడు. రెండో కుటుంబం గడప దిగిపోయింది.

దేవరాజు చనిపోయాడని తెలిసి స్తుతి వెళ్ళింది. ఆయనకి ప్రభువు బల్ల రెండుసార్లే అందిందట. సమాధి దగ్గర వాక్యం నిఖిల్ చదివాడు. ఆమె ఆడవాళ్ళ వెనక నిలబడింది. సుభద్ర వచ్చి చెయ్యి పట్టుకుంది.

జనం వెళ్ళిపోయాక నిఖిల్ దగ్గరికొచ్చాడు. మనిషి చిక్కిపోయాడు.

"అక్కా, గుడిలో పదిమంది కూడా ఉండటం లేదు. ఇంటింటికీ తిరగడం, ఆసుపత్రికెళ్ళడం, అన్నీ నువ్వు రాసిన ప్లాన్ ప్రకారమే సేత్తన్నానక్కా. ఎక్కడ తప్పుతోందో అంతు సిక్కడం లేదు. నువ్వే సెప్పాల."

ఎక్కడ తప్పుతోందో ఆమెకి తెలుసు. అక్కడికక్కడ నాలుగు మాటల్లో చెప్పొచ్చు. చెబితే గుడి మళ్ళీ నిండుతుంది, ఏసుబాబు మళ్ళీ వేదికెక్కుతాడు.

"నాకు తెలీదు తమ్ముడూ" అంది.

ఆటో జీడితోటలు దాటుతుంటే మనసు తేలికపడుతుందేమోనని చూసింది. పడలేదు. ఆదివారం సాయంత్రాలు ఖాళీగా కూర్చునే సుభద్ర, ఇంకా మిషను దగ్గర పడుకుంటున్న మిగతావాళ్ళు గుర్తొచ్చారు. ఆటోని వెనక్కి తిప్పమందామని నోటిదాకా వచ్చింది. అనలేదు.