కావలికత్తె నవ్వు

సహస్రకిరణుడు అస్తమించుటయే మఱచి మాసములతరబడి ఆకాశమున గానుగయెద్దువలె ప్రదక్షిణము చేయుచుండు ఉత్తరధ్రువసీమయందు వసంతము ప్రవేశించెను. మన వసంతమువలె మామిడిచిగుళ్లను కోయిలకూతలను వెంటబెట్టుకొని వచ్చినది కాదు. శీతకాలమంతయు ఘనీభవించియున్న సముద్రపృష్ఠము లోలోపల సన్నగిల్లి పెళపెళధ్వనులతో బీటలువారుచుండగా ఆ బీటలనుండి నల్లని నీరు పైకుబుకుచుండగా దూరదేశములనుండి మరలివచ్చిన శ్వేతపక్షులు ఆ నీటిపై చేపలకై కలహించుచుండగా తెలుపు తప్ప వేఱువర్ణ మెఱుగని యా మంచుమైదానమున ఎఱ్ఱని శీతకవచములు ధరించిన మనుష్యు లిరువురు మాత్రము కానవచ్చుచుండిరి.

ఒకడు మోకాళ్లపై వంగి మంచున దొలిచిన బిలమునుండి త్రాడు పైకి లాగుచుండెను. రెండవయామె వానికి వీపు త్రిప్పి తుపాకి భుజమున దాల్చి దిక్కులు పరికించుచుండెను. వంగినవాడు వల్లభరావు. నిలిచినది తారకేశ్వరి. ఆ క్షణమున వాని ప్రాణము ఆమె కన్నులయం దున్నది. ఆమె బ్రదుకున నిప్పులు పోసినవాడును వాడే. చూచితిరా విధి చమత్కారము!

వీరిరువురును విశాఖపట్టణమున సముద్రశాస్త్రము కలసి చదివినవారు. ఆ ధ్రువద్వీపమునందలి పరిశోధనాలయము ఏటేట మన విద్యార్థి నొక్కని వేతనమిచ్చి డాక్టరు పట్టమునకై చేర్చుకొనునట్టి యేర్పాటొకటి కలదు. ఆ యేడు వడపోతలన్నియు ముగిసి మిగిలినవా రీ యిరువురే. మంచు కరగిపోవుచుండ తిండి దొరకక క్షీణించుచున్న తెల్లయెలుగులను కాపాడు నుపాయమును గూర్చి తారకేశ్వరి ప్రసంగించినపు డెంపికసంఘమువారు ముగ్ధులై ఆ పీఠము ఆమెకే యని తమలో తాము నిశ్చయించుకొని కడపట మాటవరుసకు వల్లభరావును పిలిచి యడిగిరి.

"ఏమయ్యా, శీతలగృహమున నీవును ఆమెయు కలసి పనిచేసితిరి గదా. ఆమె చలికి తాళగలదా?"

"ఆ మాట చెప్పుటకు నాకు నోరాడకున్నది. పలుమాఱులు మూర్ఛిల్లి పడగా నేనే యెత్తి వెలుపలికి తెచ్చితిని. పాప మామె ప్రాణముమీదికి తేవలదు" అని వాడు కన్నులు తుడుచుకొనెను.

ఆహా, యేమి జాలి! ఏమి కరుణ! మూర్ఛ యనునది నల్లగా నుండునో తెల్లగా నుండునో కూడ తారకేశ్వరి యెఱుగదు. అయినను ఆ యొక్కమాటతో పీఠము వానిదయ్యెను. పిమ్మట సంఘమునందలి యొక పెద్ద ఆమెను పరామర్శించుచు "నీ మూర్ఛలసంగతి వల్లభరావు చెప్పినాడు. ఆరోగ్యము జాగ్రత్త తల్లీ" అనగా గుట్టు బయటపడెను. ఆమె యింటికి పోయి తలుపు వేసికొని కసిదీర ఏడ్చెను. మఱునాడు కన్నులు కడుగుకొని అదే పరిశోధనాలయమువారు ఎలుగుకావలికై మనుష్యులు కావలెనని చేసిన యుద్యోగప్రకటన వెదకి పట్టెను. కళాశాలలో ఎన్.సి.సి. దళమున తుపాకి పట్టి గుఱి తప్పక కొట్టిన చేయి యామెది. చదువుగుమ్మము మూసివేసిన నేమి? కొలువుగుమ్మము తెఱచియేయున్నది.

ఓడనుండి ఆమె తుపాకితో దిగిన దినమున వల్లభరావు మొగమున నెత్తురుచుక్క లేదు. ఆమె జగడమాడలేదు. నిలవేసి యడుగలేదు. "బాగుంటివా వల్లభా?" అని నవ్వెను. అంతియే. నాటినుండి భోజనశాలయందు నవ్వును. దారిలో ఎదురుపడిన నవ్వును. నివురుగప్పిన నిప్పువంటి యా నవ్వును చూచి వానికి కూడు సహింపదయ్యె. ఇది నన్నేమి చేయదలచినది? ఎప్పుడు చేయును? అని వాడు లోలోపల కుమిలిపోవుచుండ తారకేశ్వరికి నిండుగా ఆకలి వేయుచుండెను. హాయిగా నిద్రయు పట్టుచుండెను.

ఆ పరిశోధనాలయమున కధికారిణి సోల్వై యను నార్వేదేశపు వృద్ధవనిత. మంచుపైకి పోవువారికి ఆమె విధించిన నియమ మొక్కటియే. కావలివారు రమ్మని పిలిచినచో చేతిలో నున్నది బంగారమైనను విడిచి మాఱుమాటాడక మంచుబండికడకు రావలెను. ఏలయన ఆ సీమయందు తెల్లయెలుగును చంపుట మహాపరాధము. మనుష్యుడు వేళకు తొలగిపోయినచో మృగము బ్రదుకును, మనుష్యుడును బ్రదుకును. మరలివచ్చిన పిమ్మట బూట్లు విప్పకముందే గడపలో నిలువబెట్టి "పిలుపునకు వచ్చిరా?" యని సోల్వై కావలివారిని అడుగును. రాలేదన్నచో అట్టివాడు మంచుపై మరల కాలు మోపుట కల్ల. ఈ వేసవి యేకీడు లేక గడచినచో రానున్న శరత్తున ఎలుగుల పరిశోధనకు ఖాళీయగు పీఠమున నిన్నే కూర్చుండబెట్టుదునని ఆమె తారకేశ్వరికి మాట యిచ్చియుండెను.

ఆనాడు వల్లభరావు లాగుచున్నది మామూలు త్రాడు కాదు. శీతకాలమంతయు మంచుక్రింద వ్రేలాడి సముద్రముయొక్క ఉష్ణమును లవణమును కొలిచిన యంత్రములు దానికి కట్టబడియున్నవి. మంచు పగిలిపోవులోపల అవి పైకి రాకున్న వాని పట్టము నీటిపాలే. వాడు చెమటలు క్రక్కుచు సగము లాగెను. అప్పుడు దూరమునందలి మంచుదిబ్బచాటునుండి పసుపువన్నె మచ్చ యొకటి కదలెను.

ఎలుగు! డొక్కలు లోపలికి పోయి ఆకలిచే తూలుచు గాలివాసన పట్టుచు ఇటే వచ్చుచున్నది. కావలసినంత వ్యవధి యున్నది. తారకేశ్వరికి భయము కలుగలేదు. దాచనేల? సంతోషము కలిగెను. వానిని నిజముగా పిలిచినచో త్రాడు పోవును. అయినను ప్రాణము దక్కును. అంతటితో నేమి? నాడు అబద్ధమాడినవాడు నేడు నిజమును నమ్మలేక చెడవలెను. ఆమె తల కొంచెము త్రిప్పి ఇన్నాళ్లును నవ్విన నవ్వే నవ్వుచు పలికెను.

"వల్లభా! ఎలుగు వచ్చుచున్నది. త్రాడు వదలి రమ్ము."

గుమ్మడికాయల దొంగ యనిన భుజములు తడవికొనినట్లు వాడు ఉలికిపడెను. తలయెత్తి ఆమె నవ్వుమొగమునే చూచెను గాని చుట్టునున్న మైదానమును చూడలేదు.

"ఓసి చాలులేవే! ఎలుగూ లేదు గిలుగూ లేదు. నా కష్టమంతయు గంగలో కలుపుటకు కాచుకొనియుంటివని నాకు తెలియదా? నేను రాను. ఏమి చేసికొందువో చేసికొమ్ము."

ఆమె రెండవమాఱు పిలువలేదు.

మంచు కరకరలాడిన చప్పుడు విని వాడు వెనుదిరిగి చూచునప్పటికి మృగము మిక్కిలి సమీపించెను. "అమ్మో!" యని వాడు వేసిన కేకకు త్రాడు చేజారి యంత్రములతోగూడ బిలములోనికి సరసర జారిపోయెను. అప్పుడు గాని తారకేశ్వరికి తాను చేసిన పని తెలియలేదు. బెదరించు వెలుగుబాణము నొకటి ప్రయోగించెను. అది దూరమునుండి యైనచో పనిచేసియుండును. ఆకలిగొన్న మృగము నోటికందిన తిండిని చూచుచు మరలునా? అది వానిమీదికి లంఘించుచుండగా ఆమె తుపాకి యెత్తి కాల్చెను. గుఱి తప్పలేదు. ఆ మహాకాయము వాని పాదములచెంత కూలి ఒక్కమాఱు నిట్టూర్చి ఊరకుండెను.

ఏ జంతుసంతతిని కాపాడుటకై ఆమె సముద్రములు దాటి వచ్చినదో ఆ జంతువు ఆమె చేతనే చచ్చిపడియున్నది. తారకేశ్వరి దాని మెడమీద చేయి వైచెను. ఇంకను వెచ్చగనున్నది. "అయ్యో, నిన్ను కాదే, నిన్ను కాదే" యని ఆమె ఆ బొచ్చును నిమిరెను.

గడపలో సోల్వై నిలిచియుండెను.

"పిలుపునకు వచ్చెనా?"

"రాలేదు" అని తారకేశ్వరి చెప్పెను.

సోల్వై వల్లభరావువైపు తిరిగెను. "ఏల రాలేదు?"

"అబద్ధమనుకొంటిని."

"ఈమె యెన్నడైన నీతో నబద్ధమాడెనా?"

"లేదు."

"మఱి యేల అట్లనుకొంటివి?"

ఏమని చెప్పును? ఆ ప్రశ్నకు సమాధానము విశాఖపట్టణమున వాడాడిన మాటలో నున్నది. ఎంత దుఃఖమున నున్నను తారకేశ్వరి యా మౌనమును పాయసమువలె ఆస్వాదించెను. అంతలో మునుగుచున్నవానికి గడ్డిపోచ దొరకెను.

"ఆమె నవ్వుచు పిలిచినదమ్మా! మృత్యువు ముంగిట నున్నప్పు డెవరైన నవ్వుదురా? నే నెట్లు నమ్ముదును?"

సోల్వై చూపు మరలెను. "నవ్వితివా?"

మంచుపై నున్నది ఇరువురే. మూడవసాక్షి చచ్చినది. లేదు అను రెండక్షరములు చాలును. వాని కథ ముగియును. శరత్తున పీఠము ఆమెదగును. ఇట్టివేళ ఆ యక్షరములు ఎంత తేలికగా నోటికి వచ్చునో, వానికి నాడెంత తేలికగా వచ్చినవో ఆమెకు తెలిసివచ్చెను. ఆమెకు రోత పుట్టెను.

"నవ్వితిని. నవ్వినచో నితడు రాడని యెఱిగియే నవ్వితిని" అని జరిగినదంతయు మొదటినుండి చెప్పెను.

సోల్వై వల్లభరావు పీఠము రద్దయినదనియు కారణము నెంపికసంఘమువారికి తెలుపుదుననియు చెప్పి తారకేశ్వరి భుజమునుండి తుపాకిని తానే తీసికొనెను. "నీ పీఠమును లేదు" అనెను. పోబోవుచు ఆగి "మీ యిరువురికి ఆ మృగమేమి కీడు చేసినది?" యని యడిగెను.

తిరుగుప్రయాణమున ఇరువురికిని ఒక్కటే యోడ. మంచుపలకల నడుమ అది సాగుచుండగా వల్లభరావు ఆమెకడకు వచ్చెను. పీఠము పోయినదను దుఃఖముకంటె ఆమె తెలివితక్కువతనమే వాని నెక్కువ బాధించుచున్నట్లుండెను.

"పిచ్చిదానా! లేదని యొక్కమాట యనియున్న నీ కేమి పోయెడిది? ఎవరు చూచిరి?"

"అట్లు దక్కినది నీ యెంగిలి. నే నెంగిలి తినను."

"సరే కానిమ్ము. పగ యైనను తీరినదా?"

"నీమీద తీరినది" అని ఆమె తన కుడిచేతిని చూచుకొనెను. "ఇక నామీద తీర్చుకొనవలసియున్నది."

వానికి అది బోధపడలేదు. ఆవులించి గదిలోనికి పోయి దుప్పటి కప్పుకొని నిద్రించెను. తారకేశ్వరి అస్తమయ మెఱుగని యా వెలుతురులో ఓడ కొయ్యయంచును పట్టుకొని నిలిచియేయుండెను. లోకమున కీడు చేసినవానికి నిద్ర పట్టుట కలదు. పగ సాధించినవారికి మాత్రము పట్టదు.